పుచ్చకాయ పలికిన మధ్యాహ్నం

కోటినాగులు జీవితమంతా ఇతరుల నోటికి మాటలు అందించి బతికాడు. తెనాలి నాటక సమాజంలో ఆయన ప్రాంప్టరు. రంగస్థలం పక్కన తెర చాటున ముక్కాలిపీట వేసుకుని కూచునేవాడు. రాజుగారు పద్యం మధ్యలో తడబడితే తరువాతి మాట మెల్లగా అందించడం ఆయన పని. నాటకం రక్తి కడితే చప్పట్లు రాజుగారికి, రసాభాస అయితే తిట్లు ప్రాంప్టరుకి. ఆ ఏర్పాటు ఆయనకెప్పుడూ అన్యాయం అనిపించలేదు.

"మరిచిపోయి ఆగడం వేరమ్మా, కావాలని ఆగడం వేరు" అని కూతురు కాళిందికి చిన్నప్పుడు చెప్పేవాడు. "నటుడు కావాలని ఆగినచోట మాట అందించినోడు ప్రాంప్టరు కాదు, హంతకుడు."

"రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయిగా నాన్నా. నీకెట్టా తెలుస్తది?" అని అడిగేది కాళింది.

"తెలుస్తది" అనేవాడు. అంతకుమించి వివరం ఆయన దగ్గర లేదు.

అలాంటి మనిషికి అరవై దాటాక పక్షవాతం వచ్చింది. మాట పోయింది. చేయీ కాలూ పోయాయి. అవుననడానికో కాదనడానికో రెప్ప ఆడించగల శక్తి కూడా మిగల్లేదు. కళ్లు మాత్రం తెరుచుకుని ఉండేవి. ఆ కళ్ల వెనక మనిషి ఉన్నాడో లేడో తాము చెప్పలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

కాళింది అప్పటికే గుంటూరులో ఒక చిన్న పరిశోధనశాల నడుపుతోంది. మెదడులో మాట ఎక్కడ పుడుతుంది, నాలుక దాకా ఏ దారిన వస్తుంది అన్నదే ఆమె చదువు. తండ్రిని పరిశోధనశాలలోనే ఒక గదిలో పెట్టించి, రాత్రీ పగలూ కష్టపడి పలుకుపట్టీ తయారు చేసింది.

అది నుదుటికి కట్టే మెత్తని పట్టీ. మనిషి ఒక మాట అనుకోగానే మెదడులో లేచే అలికిడిని పట్టుకుంటుంది. అయితే ఆ అలికిడి బహు పలచన. గోడ అవతల ఎవరో గొణుగుతున్నట్టు ఒక ముక్క వినబడితే నాలుగు ముక్కలు ఊహించుకోవాలి. ఆ ఊహ కోసం కాళింది యంత్రానికి తండ్రి పాత మాటలన్నీ నూరిపోసింది. ఫోన్లో దాచిన మాటలు, పెళ్లి వీడియోలు, నాటక సమాజం సన్మానాల్లో ఇచ్చిన ఉపన్యాసాలు, ఆయన ఏ సమయానికి ఏమనేవాడో తల్లి సామ్రాజ్యం గుర్తు చేసుకుని చెప్పిన కబుర్లు, అన్నీ. గదిలో వినబడే గొంతుల్ని బట్టీ వేళను బట్టీ, ఈ మనిషి ఇప్పుడు ఏమనే అవకాశం ఎక్కువో యంత్రం ముందుగా లెక్క వేసుకుంటుంది. పట్టీ తెచ్చిన అలికిడిని ఆ లెక్కతో జల్లెడ పడుతుంది. జల్లెడ దాటిన మాటను కోటినాగులు గొంతుతోనే పలుకుతుంది.

మంచానికి కుడిపక్కన ఒక కుర్చీ, కుర్చీ చేతికి రెండు మీటలు. యంత్రం సరిగా పలికిందనిపిస్తే పచ్చది నొక్కాలి, తప్పనిపిస్తే ఎర్రది. ఎర్రమీట పడ్డ మాటను యంత్రం చెత్త కింద పారేసి, మళ్లీ అలాంటిది రాకుండా జల్లెడ బిగించుకుంటుంది.

మొదట్లో అంతా చెత్తే వచ్చింది. ఆ కుర్చీలో కూచుని సామ్రాజ్యం ఎర్రమీట నొక్కుతూనే ఉండేది. ఒక ఉదయం ఉన్నట్టుండి స్పీకర్లోంచి ఆయన గొంతు చక్కగా పలికింది.

"సామ్రాజ్యం, కాఫీలో చక్కెర వేశావా, చూపించి తీసుకుపోయావా?"

సామ్రాజ్యం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాళింది గోడకు ఆనుకుని నిలబడిపోయింది. గోడ అవతలి మనిషి ఇవతలికి వచ్చేశాడనుకున్నారు ఇద్దరూ.

ఆ తరువాత నెలలు నిజంగానే పండగలా గడిచాయి. సామ్రాజ్యం ఒకప్పుడు అదే సమాజంలో రాణి వేషాలు కట్టిన నటి. మొగుడికి జబ్బు చేశాక అద్దం ముఖం చూడని మనిషి మళ్లీ జడలో పూలు పెట్టుకుంది. క్యారియరు పట్టుకుని రోజూ పరిశోధనశాలకు వచ్చి, కుడిపక్క కుర్చీలో కూచుని మొగుడితో ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది. ఆయన వెటకారాలు ఆడేవాడు. ఆవిడ మురిసిపోతూ పచ్చమీట నొక్కేది. ఇలాంటి రోగులున్న కుటుంబాలు ఎక్కడెక్కడినుంచో వచ్చి, మాకూ ఒక పట్టీ ఇప్పించండమ్మా అని కాళింది చేతులు పట్టుకోవడం మొదలుపెట్టాయి.

అభ్యంతరం చెప్పింది ఒక్క మస్తాన్‌వలీ. ఆయన మనస్తత్వ శాస్త్రంలో దిట్ట, కాళిందితో కలిసి పనిచేస్తున్నాడు. ప్రయోగం చేసేవాళ్ల ఆశలు ప్రయోగంలోకి ఎలా దూరతాయో కనిపెట్టడమే ఆయన పని. కాబట్టి ఆయన్ని భోజనానికి పిలవడానికి కూడా తోటి పరిశోధకులు జంకేవాళ్లు.

"మేడం, ఇది తప్పయితే మనకెట్టా తెలుస్తది?" అన్నాడు ఒకరోజు.

"తప్పెందుకవుద్ది వలీ గారూ? వింటున్నారుగా. అచ్చం మా నాన్నే."

"అదే నా భయం. అచ్చం మీ నాన్న కాని మాట వచ్చిందనుకోండి, ఎర్రమీట నొక్కుతున్నారు. ఇంక ఇది తప్పని తేలే దారేది? తప్పయ్యే దారి ఒక్కటన్నా ఉంచకపోతే అది సైన్సు కాదు మేడం, నమ్మకం. నమ్మకం మీద నాకేం కోపం లేదు, అయిదు పూటలా నమాజు చేసుకునేవాణ్ణి. కానీ నా నమ్మకానికి వైరు తగిలించి ఇంకొకళ్ల తలకి కట్టను."

కాళిందికి ఒళ్లు మండింది. సరే, మీకు తోచిన పరీక్ష పెట్టుకోండి అంది, పంతం కొద్దీ.

మర్నాడు మధ్యాహ్నం ఆయన చంకలో ఒక పుచ్చకాయ పెట్టుకుని వచ్చాడు. కోటినాగుల్ని అప్పుడే ఒళ్లు పట్టించడానికి అవతలి గదిలోకి తీసుకెళ్లారు. వలీ కాయను తడిగుడ్డతో తుడిచి, ఖాళీగా ఉన్న దిండు మీద పెట్టి, దానికి పలుకుపట్టీ కట్టాడు. దిండు మీద అది అచ్చం తలలాగే ఒదిగింది. కాళిందికి నవ్వొచ్చింది.

"ఎండ దెబ్బ తగిలిందా వలీ గారూ? కాయ ఏం మాట్లాడుద్ది?"

"ఏమీ మాట్లాడకూడదు. అదే నా మొక్కు. పెట్టండి."

ఆమె యంత్రం ఆన్ చేసింది. కాసేపు గరగర. ఆ తరువాత కోటినాగులు గొంతు, ఎంతో ఆపేక్షగా పలికింది.

"కాళిందీ, అన్నం తిన్నావా అమ్మా?"

ఆమె వేలు తనంతట తానే పచ్చమీట మీదికి వెళ్లింది. నొక్కబోయి, తన వేలి వంక చూసుకుని, ఆమె అక్కడే కొయ్యబారిపోయింది.

"మీ అమ్మ ఇంకా రాలేదేం? ఎండన పడి వస్తదో ఏమో" అంది పుచ్చకాయ.

వలీ ముఖంలో గెలిచిన కళ ఏమీ లేదు. యంత్రం ఎవరి తలలోనూ ఏమీ వినడం లేదు. తనకు నూరిపోసిన ఊహనే తిరిగి అప్పజెబుతోంది. ఇంతకాలం తండ్రి తన క్షేమం అడిగిన ప్రతిసారీ అడిగింది తండ్రి కాదని, తన ఆశేనని కాళిందికి తెలిసిపోయింది. పక్షవాతం వచ్చిన రోజున కూడా ఆమెకింత గుండెకోత కలగలేదు.

గుమ్మం దగ్గర క్యారియరు చప్పుడైంది. సామ్రాజ్యం నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"ఆయన అవతల గదిలో ఉండాడు గదే" అంది మెల్లగా. "ఇప్పుడే పలకరించొస్తన్నా."

ఆవిడ గొంతు యంత్రానికి వినబడింది. పుచ్చకాయ హుషారుగా అందుకుంది. "సామ్రాజ్యం, కాఫీలో చక్కెర వేశావా, చూపించి..."

"ఆపు" అంది సామ్రాజ్యం. కూతురు యంత్రాన్ని ఆపింది.

ఆవిడ ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. లోపలికొచ్చి, కాయకున్న పట్టీ విప్పి, మొగుడి నుదురు తుడిచినట్టే ఆ కాయను కొంగుతో తుడిచింది. కుడిపక్క కుర్చీలో కూలబడింది.

"కాళిందీ, ఈ కాయకి ఎర్రమీట నొక్కాల్సొచ్చిందా?"

"లేదమ్మా. అన్నీ నాన్న అనే మాటలే వచ్చాయి. అదేగా మోసం."

"మరి మీ నాన్నకి మొదట్లో నొక్కీ నొక్కీ నా వేలు కాయగాసింది గదే."

వలీ చటుక్కున తలెత్తాడు. కాళింది దిండు మీది కాయ వైపు తిరిగింది. అదే యంత్రం, అవే పాత మాటలు, అదే ఆశ. జల్లెడ అప్పట్లో వదులుగా ఉండేది, నిజమే, కానీ వదులైనంత మాత్రాన నూరిపోయని మాట పుట్టదు. మారింది తల ఒక్కటే. పుచ్చకాయ దగ్గర తలాతోకా లేని మాట ఒక్కటీ రాలేదు. తండ్రి దగ్గర కుప్పలు కుప్పలుగా వచ్చాయి. అయితే ఆ మాటలు ఎక్కడినుంచి వచ్చినట్టు?

"అమ్మా, మొదట్లో ఏం వచ్చేవి? నీకేమన్నా గుర్తున్నాయా?"

"ఎందుకు గుర్తుండవు? కుడిపక్క ఊరు లేదు అనేవోడు. గడియారం సగమే ఉంది, మిగతా సగం ఎవరు తిన్నారు అనేవోడు. వెలుతురుకి చప్పుడుంది అనేవోడు." ఆవిడ కాస్త ఆగింది. "సామ్రాజ్యం గొంతొస్తంది, మనిషి రాదు అనేవోడు. నేను పక్కనే కూచుంటే మనిషి రాదంటాడేందా అని, పిచ్చిమాటలనుకుని నొక్కా. నువ్వూ నొక్కమన్నావు."

కాళింది కుర్చీ వైపు చూసింది. కుర్చీ మంచానికి కుడిపక్కన ఉంది. తండ్రికి మెదడులో ఎడమభాగం దెబ్బతింది. అలా దెబ్బతిన్న కొందరికి కుడిపక్క లోకం చీకటైపోవడం కాదు, అసలు లేకుండానే పోతుంది. ఇంట్లో కుడివైపు గోడ ఉండదు, పళ్లెంలో కుడివైపు అన్నం ఉండదు, కుడిపక్కన కూచున్న పెళ్లాం ఉండదు. ఈ సంగతి ఆమె పుస్తకాల్లో చదివింది, పిల్లలకు పాఠం చెప్పింది. తండ్రి అక్కడికి వెళ్లి, అక్కడ ఏముందో ఏం లేదో ఒక్కొక్కటీ చూసి చెబుతుంటే మాత్రం, మా నాన్న ఇలా మాట్లాడడు అని ఆయన నోరు నొక్కేసింది. ఆ మాటల్లో ఒక్కటైనా మిగలకుండా యంత్రం పారేసింది. చెత్త దాచవద్దని దానికి నేర్పింది కూడా తనే.

"అంటే మనకి తెలిసిన మాటలన్నీ యంత్రానివి" అన్నాడు వలీ, తనలో తను అనుకుంటున్నట్టు. "మనకి తెలియని మాటలే ఆయనవి."

ఆ సాయంత్రం ఇంట్లో సామ్రాజ్యం కాఫీ కలిపింది. చక్కెర వేసి, గ్లాసు ముందు పెట్టుకుని, తాగకుండా కూచుంది. చేయాల్సిందేమిటో కాళింది చెప్పింది. జల్లెడను తిరగదిప్పాలి. పుచ్చకాయకొక పట్టీ, తండ్రికొక పట్టీ కట్టాలి. రెండూ పలికే మాటల్ని వదిలేసి, తండ్రి దగ్గర మాత్రమే వచ్చే అలికిడిని పలికించాలి. అలా చేస్తే ఆ పాత గొంతు, ఆ వెటకారం, ఆ పలకరింపు ఇక రావు. వాటి బదులు ఏం వస్తుందో తెలియదు. జల్లెడ ఇన్నాళ్లూ బిగిసి బిగిసి ఉంది కాబట్టి, ఏమీ రాకపోవచ్చు కూడా. ఆయన విసిగి మాట్లాడ్డం మానేసి కూడా ఉండొచ్చు.

"అది ఆయన కాకపోతే మాత్రం, ఆ గొంతుని ఒక మూల ఉంచుకోకూడదటే?" అంది సామ్రాజ్యం.

"ఉంచుకోవచ్చమ్మా. నీ ఇష్టం. కానీ అది మాట్లాడినంతసేపూ నాన్న మాట వినపడదు."

సామ్రాజ్యం గ్లాసును పక్కకు జరిపింది. కాఫీ మీద మీగడ కట్టింది.

"ఆయన తప్పిపోయిన పిల్లోడిలాగా దారి చెప్పుకుంటుంటే, నేను మీట నొక్కుకుంటా కూచున్నానే" అంది చివరికి. "తీసెయ్."

మర్నాడు ఉదయం కాళింది మీటలు రెండూ పీకేసింది. కుర్చీని మంచానికి ఎడమపక్కకు మార్చింది. పుచ్చకాయను పక్క బల్ల మీద పెట్టి దానికీ పట్టీ కట్టింది. ఆ కాయను ముందురోజు కోద్దామంటే సామ్రాజ్యం ససేమిరా కొయ్యనివ్వలేదు. యంత్రంలోంచి ఆయన గొంతు తీసేశారు కనుక ఇక వచ్చే మాటలు యంత్రం మామూలు గొంతులో, రైల్వేస్టేషన్లో చెప్పినట్టు వస్తాయి.

వాళ్లు ఎదురుచూశారు. ఏమీ రాలేదు. బయట ఎవరో బండి మీద కూరగాయలు అరుచుకుంటూ వెళ్లారు. కాళింది చేతికి పనిలేక వేళ్లు విరుచుకుంది. స్పీకరు ఖాళీగా గరగరలాడుతూ ఉంది. ఆ తరువాత పొడిపొడిగా రెండు మాటలు వచ్చాయి.

"మనిషి వచ్చింది."

సామ్రాజ్యం మంచం పట్టె పట్టుకుంది. ఏ రంగూ లేని ఆ గొంతులో ఆ రెండు మాటలూ ఇన్ని నెలల కబుర్లకన్నా బరువుగా ఉన్నాయి.

"ఆగండి" అన్నాడు వలీ. ఆయన కళ్లల్లోనూ నీళ్లున్నాయి. "మనకి మళ్లీ ఆశ పుట్టింది. ఆశ పుట్టినప్పుడే జాగ్రత్తగా ఉండాలి. కుర్చీ మార్చామని మనకి తెలుసు, కాబట్టి ఈ మాటకి మనమే అర్థం తగిలిస్తున్నామేమో. యంత్రానికీ మేడంకీ నాకూ తెలియని సంగతేదన్నా కావాలి."

"నేను పెడతా పరీక్ష" అంది సామ్రాజ్యం.

ఒకప్పుడు నాటక సమాజంలో డ్రాయింగు మాస్టారొకాయన ఒక నాటకం రాశాడు. అందులో కోట కాచే రాణి వేషం ఆవిడది. అది అచ్చు కాలేదు, రాతప్రతి వరదలో పోయింది. అప్పటికి కాళింది ఇంకా ఉయ్యాల్లో ఉంది. ఆ నాటకం మాటలు ఎరిగినవాళ్లు ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, ఆవిడా, మంచం మీద ఆయనా.

"మధ్యలో ఆపుతాను. ఆయనుంటే ఆయన చేసేది ఆయన చేస్తాడు" అంది.

"తరువాతి మాట అందిస్తే ఆయనే, అందించకపోతే కాదు. అంతేనా అమ్మగారూ?" అన్నాడు వలీ.

"చూద్దువుగాని నాయనా."

ఆవిడ కొంగు దోపుకుని లేచింది. మెడ నిటారుగా ఎత్తింది. ఆ గది రంగస్థలమైపోయింది. కూతురు ఎన్నడూ వినని గొంతు ఆవిడలోంచి వచ్చింది.

"నాథా, నీ గుర్రపు డెక్కల చప్పుడు విని ఈ కోట తలుపులు తమంత తాము తెరుచుకొనును. నేను మాత్రము..."

ఆగింది. మాట మరిచిపోయిన నటి కళ్లల్లో ఎంత కంగారు ఉంటుందో అంత కంగారూ చూపించింది. కాళింది స్పీకరు వైపు చూసింది. నిశ్శబ్దం. వలీ తల దించుకున్నాడు. ఇంకా నిశ్శబ్దమే. అయిపోయింది, నాన్న లేడు అనుకుంది కాళింది. అప్పుడు స్పీకరు పలికింది.

"మరుపు కాదు."

సామ్రాజ్యం ముఖం మీద నవ్వు విచ్చుకుంది. "...నేను మాత్రము తెరువను. నీవు గెలిచి వచ్చితివో ఓడి వచ్చితివో నీ నోట వినినగాని తెరువను" అని పూర్తి చేసి కూతురి వైపు తిరిగింది. "నేను మర్చిపోలా. ఆగాల్సిన చోటు అది. మాస్టారు అక్కడ ఆగమనే రాశారు. ఆయన ఏనాడూ అక్కడ మాట అందించలా."

కాళింది తండ్రి ముఖంలోకి చూసింది. రెండు మౌనాలకీ తేడా తెలిసిన మనిషి తనకు తెలిసి లోకంలో ఒక్కడే. యంత్రానికి ఆ తేడా నూరిపోయడం ఎవరివల్లా కాదు, ఎందుకంటే ఆ మనిషే దాన్ని ఎవరికీ వివరించలేకపోయాడు.

వలీ కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఒక్కసారి వచ్చింది పొరపాటు కూడా కావచ్చు. ఇంకోసారి వస్తేనే..." అని నసిగాడు.

"మా రోజుల్లో దాన్ని వన్స్ మోర్ అనేవోళ్లు నాయనా. యుద్ధంలో చచ్చిపడ్డ రాజు కూడా లేచి పద్యం పాడేవోడు."

"అయితే వన్స్ మోర్, అమ్మగారూ."

ఆవిడ మళ్లీ అందుకుంది. రాణి బురుజు మీద నిలబడి, చేతిలో దీపంతో, తిరిగి రాని భర్త కోసం మాట్లాడే ఘట్టం. ఈసారి నటన అని గుర్తుపట్టడం కష్టమైపోయింది. మాటలు ఒకదాని వెనక ఒకటి దొర్లిపోతున్నాయి, ఆవిడ మొగుడి కళ్లల్లోకే చూస్తోంది, చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

"గాలి ఎంత వీచినను ఈ దీపము వైపే చూచి రమ్ము. దీపము కొండెక్కిన నాడు..."

ఆగింది. మెడ అలాగే నిటారుగా ఉంది. అదే మౌనం, అదే కంగారు. ఇదీ ఆగాల్సిన చోటే కాబోలు, మరుపు కాదని వస్తుంది అనుకుంది కాళింది. వలీ కూడా అదే అనుకున్నాడు. వాళ్ల ఆలోచన ఇంకా పూర్తి కానేలేదు.

"వత్తిని నేనే" అంది స్పీకరు.

సామ్రాజ్యం కుర్చీలో కూలబడిపోయింది. రెండు చేతులతో మొగుడి ఎడమచేయి పట్టుకుని, ఆ చేతిలో ముఖం పెట్టుకుంది. కాళింది కంగారుగా దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుంది.

"ఏమైందమ్మా? ఆ మాట తప్పా?"

"తప్పు కాదే" అంది సామ్రాజ్యం తలెత్తకుండానే. "దీపము కొండెక్కిన నాడు వత్తిని నేనే యగుదును. అదే మాట. నేను నిజంగానే మర్చిపోయా."

బల్ల మీద పుచ్చకాయ తన పట్టీతో తాను ఉంది. దాని మాటలన్నీ వచ్చినవి వచ్చినట్టే రాలిపోతున్నాయి. కాళింది తండ్రి కళ్లలోకి చూసింది. ఆ కళ్లు ఎప్పటిలాగే కదలకుండా ఉన్నాయి. వాటి వెనక సగం ఊరు లేని, సగం గడియారం లేని, వెలుతురుకి చప్పుడున్న ఒక దేశం ఉంది. బతికున్న మనిషెవరూ అక్కడి కబురు ఇంత వివరంగా తెచ్చి ఉండరు. ఆయన ఇన్నాళ్లూ అక్కడ ఒంటరిగా మేలుకుని కూచున్నాడు, అవతల ఎవరు తడబడతారోనని చెవులు రిక్కించి.

స్పీకరు మళ్లీ గరగరమంది. సామ్రాజ్యం తలెత్తింది. వలీ ఒక అడుగు ముందుకు వేశాడు. నాన్న ఇప్పుడు ఏమంటాడు అని తనను తాను ప్రశ్నించుకుంది కాళింది. ఎంత వెతుక్కున్నా ఒక్క జవాబూ తట్టలేదు. ఆమె నేల మీద, మంచానికి ఎడమపక్కన చతికిలబడి, వినడానికి సిద్ధమైంది.